మూడవ రాయి



"మాటకు ఎంత?" అన్న ప్రశ్న ఈ రోజులలో మన కార్యాలయాలలో తరచుగా వినవస్తున్నది. సిమెంటును బస్తాలలోను, గుడ్డను మీటర్లలోను కొన్నట్లే వ్రాతను మాటల లెక్కన కొనే కాలం వచ్చింది. సంస్థ వెబ్‌సైటుకు పరిచయ పుటలు కావాలి. సామాజిక బాధ్యత క్రింద చేపట్టిన పనుల వివరాలు కావాలి. ఆరోగ్య శిబిరాలకు కరపత్రాలు కావాలి. కొటేషన్లు పిలుస్తాము. ఒకరు మాటకు రెండు రూపాయలంటారు. మరొకరు రూపాయి అంటారు. మూడవవారు అర్ధరూపాయి చాలునని, ఎన్ని పుటలైనా వారం రోజులలో అందజేస్తామని హామీ ఇస్తారు. ఫైలు ఎటు మొగ్గుతుందో మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

కొన్నేళ్ల క్రితం అటువంటి మూడవ కొటేషనుకు అనుకూలంగా నోటు వ్రాసినవారిలో మేమూ ఉన్నాము. మంచి వ్రాతను గూర్చి ఈ శీర్షికలో పదిమందికి చెప్పే మేమే ఆ పని చేశాము. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడినట్లయింది. ఆనాటి అనుభవమూ, అది నేర్పిన పాఠమూ ఈ సంచికలో పాఠకుల ముందుంచుతున్నాము.

విషయం బస్తరుకు సంబంధించినది. విశాఖపట్నం నుండి అరకు, కోరాపుట్, జగదల్‌పూర్ మీదుగా కిరండూల్ చేరే రైలు మార్గం మన పాఠకులలో అనేకులకు సుపరిచితం. బైలాడిలా కొండలలో యంత్రాలతో ఇనుప ఖనిజం త్రవ్వడం 1968లో మొదలైనది మొదలు ఆ దారిన ఎన్నో తెలుగు కుటుంబాలు ఉద్యోగరీత్యా వెళ్లి స్థిరపడ్డాయి. కనుక బస్తరును గూర్చి వెబ్‌సైటులో కొన్ని పుటలు, కొన్ని గ్రామాలలో పంచుటకు ఒక ఆరోగ్య కరపత్రం సిద్ధం చేయించవలసినదని మాకు ఆదేశం వచ్చినప్పుడు, ఇది మనకు తెలిసిన ఊరి సంగతే కదా, ఎవరు వ్రాసినా సరిపోతుందని భావించాము. మా పొరపాటు అక్కడే మొదలయింది.

సరఫరాదారు గడువుకు ముందే పుటలు పంపాడు. చూపునకు ముచ్చటగా ఉన్నాయి. అక్షరదోషాలు లేవు. 'ప్రకృతి ఒడిలో ఒదిగిన బస్తరు' అని మొదలై 'ప్రగతి పథంలో పయనిస్తున్న బస్తరు' అని ముగిశాయి. నడుమ గల పది పేరాలలో 'బస్తరు' అన్న మాట తొలగించి 'కోరాపుట్' అనిగాని, 'అరకు' అనిగాని పెట్టినా వాక్యం మార్చవలసిన పని లేదు. ఎక్కడికైనా అతికే వ్రాత ఎక్కడిదీ కాదన్న ఇంగితం ఆనాడు మాకు కలుగలేదు. ఎక్కడెక్కడ ఊరి పేరుతో పనిపడిందో అక్కడల్లా ఆ వ్రాత తప్పటడుగు వేసిందని తరువాత గాని గ్రహించలేకపోయాము.

చిత్రకోట జలపాతాన్నే తీసుకొందాము. ఇంద్రావతి నది దాదాపు 29 మీటర్ల ఎత్తు నుండి గుర్రపు లాడం ఆకారంలో దూకే చోటు అది. జగదల్‌పూర్‌కు పశ్చిమంగా ఉన్నది. మాకు వచ్చిన పుటలో శ్రీరాముడు వనవాసకాలంలో నివసించిన పుణ్యస్థలం ఇదేనని వ్రాసి ఉన్నది. రామకథలోని చిత్రకూటం వేరు. అది ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ సరిహద్దులలో మందాకినీ తీరాన ఉన్నది. పేర్లు దగ్గరగా ఉండడంతో ఎవరో ఒకసారి పొరబడ్డారు. దానిని చూసి మరొకరు వ్రాశారు. ఆ మరొకరిని చూసి మన సరఫరాదారు వ్రాశాడు.

బస్తరు దసరా సంగతి ఇంకా విచిత్రం. చెడుపై మంచి సాధించిన విజయానికి గుర్తుగా రావణుని బొమ్మను దహనం చేస్తారని ఆ పుట చెప్పింది. బస్తరు దసరాకు రావణునితో నిమిత్తం లేదు. అది దంతేశ్వరీ దేవి పండుగ. శ్రావణ అమావాస్యనాడు రథానికి కావలసిన తొలి దుంగకు పూజ చేయడంతో ఆరంభమై, దాదాపు 75 రోజులు సాగుతుంది. రథం ఏటేటా కొయ్యతో కొత్తగా నిర్మిస్తారు. ఆ పని నిర్ణీత గ్రామాల వడ్రంగుల వంశపారంపర్యపు బాధ్యత. దంతెవాడ నుండి దేవి పల్లకి జగదల్‌పూర్‌కు తరలివస్తుంది. చివరలో 'మురియా దర్బారు' జరుగుతుంది. అక్కడ గ్రామ పెద్దలు తమ కష్టసుఖాలు విన్నవించుకొంటారు. దేశమంతటా దసరా అంటే ఏమో అదే ఇక్కడ కూడా అని ఊహించి వ్రాసిన ఆ పేరా బస్తరువాసి చదివితే ఏమనుకొంటాడు? తమ ఇంటి పెళ్లికి వచ్చి వధువు పేరు తప్పు చదివిన పురోహితుని చూసినట్లు చూస్తాడు.

పరిపాలనా వివరాలూ అంతే. ఉమ్మడి బస్తరు జిల్లా 39,000 చదరపు కిలోమీటర్లకు పైబడిన విస్తీర్ణం గలది. కేరళ రాష్ట్రం కంటె కొంచెం పెద్దది. 1998లో దాని నుండి దంతెవాడ, కాంకేర్ జిల్లాలు ఏర్పడ్డాయి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అవతరించింది. తరువాత 2007లో బీజాపూర్, నారాయణపూర్, 2012లో సుక్మా, కొండగావ్ జిల్లాలు వచ్చాయి. నేడు బస్తరు డివిజనులో ఏడు జిల్లాలున్నాయి. బైలాడిలా కొండలు దంతెవాడ వైపున ఉన్నాయి. మాకు వచ్చిన పుటలో మాత్రం బైలాడిలా 'మధ్యప్రదేశ్‌లోని బస్తరు జిల్లా'లోనే ఉండిపోయింది. ఏదో పాత పుస్తకంలోని వాక్యం చేతులు మారుతూ మా బల్ల మీదికి చేరిందన్నమాట.

ఇవన్నీ సిగ్గు కలిగించేవే గాని, ప్రాణం మీదికి తెచ్చేవి కావు. అసలు సంగతి కరపత్రంలో ఉన్నది.

బస్తరుకు మలేరియా పాత శత్రువు. 2020 జనవరిలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 'మలేరియా ముక్త బస్తరు' అభియానం ప్రారంభించింది. ఆ అభియానపు ప్రత్యేకత ఏమనగా, జ్వరం వచ్చినవారు ఆసుపత్రికి వచ్చేవరకు ఎదురుచూడకుండా ఆరోగ్య కార్యకర్తలే వాగులు దాటి, కొండలెక్కి, ఇంటింటికీ వెళ్లి, ఇంట్లోని వారందరికీ వ్రేలి నుండి రక్తపు చుక్క తీసి పరీక్షిస్తారు. ఏ లక్షణమూ లేకుండా తిరుగుతున్న వారిలో కూడా మలేరియా క్రిమి ఉండవచ్చును. అతనికి జ్వరం ఉండదు. కాని అతనిని కుట్టిన దోమ పక్కయింటి పసిబిడ్డకు జ్వరం తెస్తుంది. మొదటి విడతలలో మలేరియా ఉన్నట్లు తేలినవారిలో చాలామందికి లక్షణాలే లేవు. కనుక జ్వరం లేనివారిని పరీక్షకు ఒప్పించడమే ఈ కార్యక్రమానికి ఆయువుపట్టు.

మేము ఆమోదించిన కరపత్రం ఏమన్నది? 'జ్వరం, వణుకు, తలనొప్పి ఉన్నవారు వెంటనే రక్తపరీక్ష చేయించుకొనవలెను' అన్నది. వాక్యం తప్పు కాదు. దేశంలోని ఏ ఊరికైనా సరిపోయే వాక్యం. సరిగ్గా ఆ కారణం చేతనే బస్తరుకు సరిపోలేదు. జ్వరం ఉన్నవారే పరీక్ష చేయించుకోవాలని చదివినవాడు, జ్వరం లేని నాకెందుకని తలుపు వేసుకొంటాడు. కోట్ల రూపాయల కార్యక్రమం ఒకవైపు లాగుతుంటే మన కరపత్రం రెండవవైపు లాగుతున్నది.

ఈ సంగతి మాకు చెప్పినది నిపుణుడెవరూ కాదు, ఒక మితానిన్. ఛత్తీస్‌గఢ్‌లో గ్రామ ఆరోగ్య కార్యకర్తను మితానిన్ అంటారు; స్నేహితురాలని అర్థం. కరపత్రాల కట్ట విప్పి ఒకటి చేతికివ్వగా ఆమె నెమ్మదిగా చదువుకొన్నది. తరువాత, "సాహెబ్, జ్వరం లేనివాళ్ల కోసమే కదా మేము ఇల్లిల్లూ తిరుగుతున్నది? ఇది పంచితే మమ్మల్ని గడప ఎక్కనిస్తారా?" అన్నది. ఆ గొంతులో కోపం లేదు. పనిచేసేవారికి సహజమైన ఆందోళన మాత్రమే ఉన్నది. మరొక మాట కూడా అన్నది: "మీరు శిబిరం పెట్టిన రోజు మాకు సంత రోజు. ఊళ్లో ముసలివాళ్లు తప్ప ఎవరూ ఉండరు."

కట్టలన్నీ వెనక్కు తెచ్చాము. మళ్లీ వ్రాయించి, మళ్లీ అచ్చు వేయించవలసి వచ్చింది. మాటకు అర్ధరూపాయి చొప్పున ఆదా చేసినది ఆ అచ్చుకూలికే చాలలేదు. ఆ కరపత్రం పంచి ఉంటే జరిగే నష్టాన్ని ఏ లెక్కల శాఖ కట్టగలదు?

ఇట్టి వ్రాత ఎందుకు పుడుతున్నదో ఆలోచించాము. దూరపు నగరంలో ఒక గదిలో కూర్చుని రోజుకు పదేసి పుటలు నింపే యువకుని నిందించడం సులువు, న్యాయం కాదు. ఉదయం కీళ్లనొప్పుల తైలం, మధ్యాహ్నం అద్దె కార్లు, సాయంత్రం బస్తరు దసరా. ఇదీ అతని దినచర్య. అతనికి వ్రాసిన దానికే కూలి. చదివిన దానికి కూలి లేదు. ఒకరికి ఫోను చేసి అడిగితే, ఒక పటం తెరచి చూస్తే, ఆ సమయం అతని సంపాదన నుండి పోతుంది. అంటే, అతడు తెలిసికొనకుండా ఉండడానికే మనం డబ్బు చెల్లిస్తున్నామన్నమాట.

ఇటీవల అతని స్థానాన్ని యంత్రం ఆక్రమిస్తున్నది. కృత్రిమ మేధ నిమిషంలో పుట వ్రాసి ఇస్తున్నది. ధర ఇంచుమించు సున్నాకు వచ్చింది. యంత్రాన్ని దూషించడం మా ఉద్దేశం కాదు. పట్టికలు సరిచేయడానికి, చిత్తుప్రతిని క్లుప్తపరచడానికి అది బాగా పనికివస్తుంది. అయితే అది నేర్చినది లోకంలో అప్పటికే ఉన్న పుటల నుండి. చిత్రకోటను చిత్రకూటంగా వ్రాసిన పుటలు వంద ఉంటే, ఆ వందా దానికి పాఠాలే. అది చేసిన తప్పు రేపు మరొక యంత్రానికి పాఠం అవుతుంది. పరిశీలన లేకుండా కుప్పలుగా పుట్టించిన పుటల బెడద ఎంతవరకు పోయినదనగా, వెదుకులాటలో పైకి రావాలన్న ఒకే ఉద్దేశంతో పుటలను పెద్దయెత్తున తయారుచేయడాన్ని 2024 మార్చిలో గూగుల్ సంస్థ తన నిబంధనలలో దుర్వినియోగంగా పేర్కొన్నది. అవి మనిషి వ్రాసినవైనా, యంత్రం వ్రాసినవైనా భేదం లేదన్నది. కనుక చౌక పుటలు ఎక్కువగా పెడితే ఎక్కువమంది చూస్తారన్న వాదానికి కూడా ఇప్పుడు బలం తగ్గింది.

కరపత్రం ఉదంతం జరిగిన మరునాడు దంతేశ్వరి ఆలయానికి వెళ్లాము. దంతెవాడలో శంఖిని, డంకిని నదుల సంగమం వద్ద ఉన్న ఈ గుడికి తెలుగువారితో పాతబంధం ఉన్నది. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఈ ప్రాంతానికి వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తరు రాజవంశపు సంప్రదాయం చెబుతున్నది. అంతకు పూర్వం నాగవంశపు రాజులు పాలించిన కాలంలోనే సమీపంలోని బార్సూరులో తెలుగు శాసనాలు వెలసినవి.

ఆ దంతెవాడ ఆలయానికి చెందిన రెండు శాసనశిలల చరిత్ర మమ్మల్ని ఆకట్టుకొన్నది. బస్తరు రాజు దిక్పాలదేవుని కాలంలో, 1703 ప్రాంతంలో, మైథిల పండితుడు భగవాన్ మిశ్రుడు రచించిన ప్రశస్తి అది. మొదటి రాతిపై సంస్కృతంలో చెక్కించారు. పాండిత్యానికి లోటు లేదు. రాజవంశ కీర్తి యథావిధిగా ఉన్నది. పని అంతటితో ముగిసినట్లే. కాని ముగించలేదు. మరొక రాయి తెప్పించి, అదే విషయాన్ని ఆ ప్రాంతపు వ్యవహార భాషలో మళ్లీ చెక్కించారు. అలా ఎందుకు చేయవలసి వచ్చిందో ఆ రెండవ రాతి మీదనే వ్రాశారు. ఈ కాలంలో సంస్కృతం చదువగలవారు కొద్దిమందే గనుక రెండవ రాతిపై భాషలో వ్రాయడమైనదని దాని సారాంశం. ఛత్తీస్‌గఢీ వ్రాతకు లభించిన తొలి ఉదాహరణలలో ఒకటిగా ఆ రాతిని పండితులు నేడు పేర్కొంటున్నారు.

ఆ వాక్యం గూర్చి మేము చాలాసేపు ఆలోచించాము. మూడు వందల ఏళ్ల నాడు ఒక ఆస్థాన పండితుడు 'చదివేది ఎవరు?' అని తనను తాను ప్రశ్నించుకొన్నాడు. జవాబు అతని పాండిత్యానికి అనుకూలంగా లేదు. అయినా దానికి తలవంచి, ఖర్చుకు వెనుదీయక, రెండవ రాయి చెక్కించాడు. ఆ రోజులలో రాతిపై అక్షరం చెక్కడం సామాన్యమైన వ్యయం కాదు. మాటకు ఎంత అని అడిగి ఉంటే రెండవ రాయి పుట్టేదే కాదు.

అయితే ఆ కథకు మరొక ముఖం కూడా ఉన్నది. రెండవ రాతి మీది భాష కూడా అందరికీ చేరలేదు. చుట్టుపక్కల కొండలలో గోండీ పలికే ప్రజలున్నారు. వారికోసం మూడవ రాయి చెక్కినవారు లేరు. 2011 జనగణనలో గోండీ తమ మాతృభాష అని చెప్పినవారు దేశమంతటా సుమారు 29 లక్షల మంది. మన తెలంగాణలోని ఆదిలాబాదు ప్రాంతంలోనూ వారున్నారు. అదే జనగణన నాటికి దంతెవాడ జిల్లాలో అక్షరాస్యత సుమారు 42 శాతం. అంటే మనం ఎంత చక్కని పుట వ్రాసినా, ఏ భాషలో వ్రాసినా, చదువలేనివారే సగానికి మించి ఉండిన చోటు అది. వారికి వ్రాత కంటె గొంతు దగ్గర. 2010లో ఆరంభమైన సీజీనెట్ స్వర అనే సేవ ఈ రహస్యాన్ని గ్రహించింది. సాధారణ ఫోను ద్వారా గ్రామస్థుడు తన భాషలో తన సమస్య చెప్పవచ్చును, ఇతరులు చెప్పినది వినవచ్చును. కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2025లో ఆరంభించిన 'ఆది వాణి' అనువాద సాధనంలో గోండీకి కూడా చోటు దక్కింది. సాధనాలు వస్తున్నాయి, సంతోషమే. ఆ సాధనం పలికిన వాక్యం ఆ ఊరిలో అదే అర్థం ఇస్తున్నదో లేదో చెప్పగలిగినది మాత్రం మళ్లీ ఆ మితానినే.

తిరుగు ప్రయాణంలో కొండగావ్‌లో ఆగాము. అక్కడి ఘడ్వా కళాకారుల ఢోక్రా పనితనం లోకప్రసిద్ధం. మట్టితో లోపలి ఆకారం చేసి, దానిపై తేనెమైనపు దారాలు చుట్టి, సన్నని నగిషీ దిద్ది, పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరగి పోతుంది. అది విడిచిన సందులో కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారిన తరువాత పైమట్టిని పగులగొడతారు. ఒక అచ్చు, ఒక బొమ్మ. రెండవ బొమ్మకు మళ్లీ మొదటి నుండి ఆరంభించవలసినదే. ఒకే మూస నుండి వందల కొద్దీ దించిన నకలు బొమ్మలు నగరాలలో తక్కువ ధరకు దొరుకుతాయి. దూరం నుండి చూస్తే రెండూ ఒకటే. చేతిలోకి తీసుకొని మైనపు దారపు గీత వెంట వ్రేలు నడిపితే గాని తేడా తెలియదు. వ్రాత కూడా అంతే. పైపైన చూసి ఫైలు మీద సంతకం చేసే మావంటివారికి రెండూ ఒక్కటిగానే కనిపిస్తాయి. అవసరంతో చేతిలోకి తీసుకొన్నవానికి వెంటనే తెలిసిపోతుంది.

"ఇదంతా బాగున్నది, ఆడిటుకు ఏమి జవాబు చెప్పాలి?" అని మిత్రులు అడుగవచ్చును. ప్రశ్న సబబైనదే. ప్రభుత్వరంగ సంస్థలో ప్రతి పైసాకు లెక్క ఉండవలసినదే. కాని కనిష్ఠ ధరయే ఏకైక మార్గమని నియమాలు చెప్పలేదు. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాలలో నాణ్యతను, ధరను కలిపి తూచి ఎంపిక చేసే పద్ధతి ఉన్నది. 2021 అక్టోబరులో ఆర్థిక మంత్రిత్వ శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు, సలహాసేవలు కాని ఇతర సేవలకు సైతం, కొన్ని షరతులకు లోబడి, నాణ్యతకు 30 శాతం మించకుండా తూకం ఇచ్చే వెసులుబాటు కల్పించాయి. ఇంకొక మాట. 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షను, 4వ ఉపసెక్షను ప్రకారం, సమాచారాన్ని ప్రజలకు అందించేటప్పుడు ఖర్చును, స్థానిక భాషను, ఆ ప్రాంతంలో అత్యంత సమర్థంగా చేరే పద్ధతిని దృష్టిలో ఉంచుకోవాలి. ఖర్చు ఒక్కదానినే చూసి మిగిలిన రెంటినీ విడిచిపెట్టడం పొదుపు అనిపించుకోదు. చట్టాన్ని మూడింట ఒక వంతు మాత్రమే చదవడం అనిపించుకొంటుంది.

స్వానుభవంతో మేము ఏర్పరచుకొన్న నాలుగు కట్టుబాట్లను మిత్రుల పరిశీలనకు ఇక్కడ పొందుపరుస్తున్నాము.

ఒకటి: పని అప్పగించే ముందు, ఈ పుటను చదివేవారు ఎవరు, చదివిన పిమ్మట వారు చేయవలసినది ఏమి అన్న రెండు ప్రశ్నలకు రెండు వాక్యాలలో జవాబు ఫైలులో వ్రాయాలి. ఆ రెండు వాక్యాలు వ్రాయలేకపోతే ఆ పుటయే అవసరం లేదని గ్రహించాలి.

రెండు: మాటల లెక్కన కాక పని లెక్కన చెల్లించాలి. చోటు చూసి రావడానికి, నలుగురితో మాట్లాడడానికి పట్టే రోజులను ఆ పనిలో భాగంగా గుర్తించాలి. వెబ్‌సైటుకు నలభై పుటలు కావాలని పట్టుబట్టే బదులు, నిజంగా పనికివచ్చే ఎనిమిది పుటలు వ్రాయించుకొంటే మొత్తం ఖర్చు పెరగనక్కరలేదు.

మూడు: ఊరి పేరు తీసి మరొక ఊరి పేరు పెట్టి చదవాలి. వ్యాసం చెక్కుచెదరకుండా నిలిస్తే దానిని తిప్పి పంపాలి. ఇంత సులువైన పరీక్ష మరొకటి లేదు.

నాలుగు: ఆమోదపు సంతకానికి ముందు ఆ ఊరివారు ఒకరు చదివి, లేదా విని, సరే అనాలి. ఆ పనికి వారికి ప్రతిఫలం చెల్లించాలి. ఆఫీసరు తప్పు పట్టకపోవడం వేరు. పాఠకుడు ఒప్పుకోవడం వేరు.

అన్నిటికీ ఇంత శ్రమ అవసరమా? కాదు. టెండరు ప్రకటనకు, సెలవుల జాబితాకు మూస ఉండడమే మంచిది. అక్కడ కొత్తదనం చూపితే చదివేవానికి చిక్కు. మనిషి నమ్మి అడుగు వేయవలసిన చోట, భూమి, ఆరోగ్యం, భద్రత, పిల్లల చదువు వంటి విషయాలలో, ఒకరి సంస్కృతిని పదిమందికి పరిచయం చేసే సందర్భాలలో మాత్రం మూసను దరిచేరనీయరాదు.

మా కరపత్రం చివరకు ఎలా తయారైనదో చెప్పి ముగిస్తాము. మితానిన్ దీదీ, ఒక పాఠశాల ఉపాధ్యాయుడు, మా కార్యాలయపు కుర్రవాడు ఒకడు, ముగ్గురూ ఒక మధ్యాహ్నం చింతచెట్టు క్రింద కూర్చుని హల్బీలో నాలుగు వాక్యాలు కూర్చారు. వాటిలో మొదటిది, 'నీకు జ్వరం లేదు, అయినా నీ రక్తపు చుక్క నీ బిడ్డకు కాపు' అన్న అర్థం వచ్చే మాట. శిబిరం సంత రోజునే ఉంచి, సంతలోనే పెట్టారు. గోండీలో అదే సంగతి ఒక స్త్రీ గొంతుతో పలికించి ఫోనులో రికార్డు చేసి, సంతలో వినిపించారు. వెబ్‌సైటు పుటలో కూడా ఆ గొంతునే ఉంచాము, నొక్కితే వినిపిస్తుంది. నాలుగు వాక్యాలే గనుక, మాటల లెక్కన కడితే వాటి ధర ఇరవై రూపాయలైనా కాదు.

సంత నాడు ఒక వృద్ధుడు ఆ గొంతు రెండుమార్లు విని, ఏమీ అనకుండా, తన వ్రేలు చాపాడు. ఆ తరువాత మనుమని ముందుకు నెట్టాడు.

దిక్పాలదేవుని పండితుడు రెండవ రాయి వరకు వచ్చి ఆగాడు. మూడవ రాయి మన వంతు. దానిని చెక్కడానికి ఉలి అక్కరలేదు. ఎవరికోసం వ్రాస్తున్నామో వారివద్దకు ఒక్కసారి వెళ్లివస్తే చాలును.